బీదరు గద్దె ఖాళీగా ఉంది

(ఒక పట్టణ గ్రంథాలయంలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

నేను చరిత్ర ఆట నడుపుతానని పరిచయంలో చెప్పగానే, గోడ మీద తెర ఎక్కడుందా అని కొందరు వెతకడం గమనించాను. తెర లేదు. నేను వెంట తెచ్చినవి దక్కను పటం ఒకటి, పోస్టు కార్డుల కట్ట ఒకటి, అట్టపెట్టెలో దాచుకున్న పాత ఉత్తరాలు కొన్ని. ఈ ఉదయం నేను మాట్లాడదలచుకున్నది ఆట గొప్పతనం గురించి కాదు. ఉత్తరాల మీద నడిచే ఇటువంటి ఆటకు కొత్తవారిని ఎక్కడ వెతకాలి, ఎలా పిలవాలి, వచ్చినవారు మూడో నెలకే మాయం కాకుండా ఎలా చూసుకోవాలి అన్న విషయం గురించి. ఇందులో నేను నేర్చుకున్నదంతా నా పొరపాట్ల వల్ల నేర్చుకున్నదే కనుక, వాటి గురించి కాస్త ఎక్కువగానే చెబుతాను.

ముందు ఆట ఏమిటో తెలియాలి. మా ఆట 1543లో మొదలవుతుంది. విజయనగరంలో సదాశివరాయలు పేరుకు మాత్రమే రాజు. అధికారమంతా అళియ రామరాయల చేతిలో ఉంది. గోల్కొండలో వృద్ధుడైన సుల్తాన్ కులీ హత్యకు గురికాగా కొడుకు జంషీద్ గద్దె ఎక్కాడు. జంషీద్ తమ్ముడు ఇబ్రహీం ప్రాణాలు దక్కించుకొని ముందు బీదరుకు, అక్కడి నుంచి విజయనగరానికి చేరాడు. బిజాపూరులో ఇబ్రహీం ఆదిల్‌షా, అహ్మద్‌నగర్‌లో బుర్హాన్ నిజాంషా, బేరారులో దర్యా ఇమాద్‌షా, బీదరులో అలీ బరీద్ ఉన్నారు. గోవాలో పోర్చుగీసువారు గుర్రాల వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకొని కూర్చున్నారు. ఇవి ఏడు గద్దెలు, వీటికి ఏడుగురు ఆటగాళ్ళు. చరిత్రలోని ఆరు నెలల కాలం మా ఆటలో ఒక విడత. విడతకు మూడు వారాల గడువు. ఆ మూడు వారాలలో ఆటగాళ్ళు తమ తమ రాజుల పేరిటో మంత్రుల పేరిటో ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటారు. సంధి కోరతారు, బెదిరిస్తారు, బేరమాడతారు, అబద్ధమాడతారు. గడువు నాటికి ప్రతి ఒక్కరూ తమ సేనలు ఎటు కదలాలో, ఏ కోటకు ధాన్యం పంపాలో, ఎవరికి సాయపడాలో ఒక ఆజ్ఞాపత్రంలో రాసి నాకు పంపుతారు. నేను ఏడింటినీ ఒకేసారి విప్పి, ఫలితాలు తేల్చి, అందరికీ ఒకే వార్తాలేఖ పంపుతాను.

1565 వరకు నడిపితే ఇది 44 విడతలు. విడతకు మూడు వారాల చొప్పున 132 వారాలు, అంటే రెండున్నర సంవత్సరాల పైమాట. కొత్తవారిని పిలవడంలో ఉన్న చిక్కంతా ఈ లెక్కలోనే ఉంది. ముఖపరిచయం లేని మనిషిని ఆపి, మీ జీవితంలోంచి రెండున్నరేళ్ళు, మూడు వారాలకొకసారి ఒక సాయంత్రం చొప్పున నాకు ఇస్తారా అని అడగడం పెళ్ళి సంబంధం అడిగినంత పని. (నవ్వులు)

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. ఉత్తరాల మీద చదరంగం ఆడటం చాలా పాతది. 1824లో మొదలైన లండన్, ఎడింబరో నగరాల పోటీ ఉత్తరాల మీదనే నాలుగేళ్ళు సాగి, చివరికి ఎడింబరో గెలిచింది. కానీ చదరంగంలో ఉత్తరం ఎత్తును మోసుకుపోయే సంచి మాత్రమే. ఉత్తరమే ఎత్తుగా మారిన ఆట అమెరికాలో పుట్టింది. అలన్ కాల్హామర్ అనే ఆయన హార్వర్డులో మొదటి ప్రపంచ యుద్ధ కారణాల గురించి చదువుకొని, 1954లో డిప్లొమసీ అనే ఆటకు రూపం ఇచ్చి, 1959లో సొంత ఖర్చుతో 500 ప్రతులు చేయించుకున్నాడు. ఆయన తరువాతి కాలంలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచే టపా ఉద్యోగి అయ్యాడన్నది కల్పన కాదు. నాకు ఆయన మీద ఉన్న అభిమానంలో సగం ఈ సంగతి వల్లనే.

డిప్లొమసీ 1901 నాటి ఐరోపా పటం మీద ఆడే ఆట. ఆస్ట్రియా-హంగరీ, ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, రష్యా, టర్కీ అని అందులో ఏడు రాజ్యాలు. రష్యాకు నాలుగు దళాలు, మిగిలినవారికి మూడేసి. పటం మీద 34 కేంద్రాలు ఉంటాయి, 18 గెలిచినవాడు విజేత. పాచికలు లేవు, అదృష్టం లేదు, అన్ని దళాలదీ ఒకే బలం. ఎదుటి దళాన్ని కదిలించాలంటే రెండో దళం సాయం కావాలి. మనకు ఉన్నవే మూడు కనుక, ఆ రెండోది చాలాసార్లు పొరుగువాడి నుంచే రావాలి. అందుచేత ఈ ఆటలో ఉత్తరాలు రాయనివాడు ఎంత తెలివైనవాడైనా ముందుగా చచ్చేది అతడే. మా దక్కను ఆటకు ఎముకలన్నీ ఇక్కడివే. మేము దానికి మన నేల మట్టి పూశాము.

ఈ ఆటను బల్ల మీది నుంచి టపాలోకి దించింది బ్రూక్లిన్‌లో ఉండే జాన్ బోర్డ్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త. 1963లో ఆయన గ్రౌస్టార్క్ అనే చిన్న పత్రికను ప్రారంభించి, దాని ద్వారా ఆటను నడిపాడు. ఆటగాళ్ళు దేశం నలుమూలలా ఉన్నారు. గడువు లోపల వచ్చిన ఆజ్ఞలను ఆయన తేల్చి అచ్చువేసి పంపేవాడు. తరువాత ఇలాంటి పత్రికలు చాలా పుట్టుకొచ్చాయి. ప్రతి ఆటకూ సంవత్సరం, అక్షరం కలిపి ఒక గుర్తు ఇచ్చే పద్ధతికి ఆయన పేరే నిలిచిపోయింది. అయితే నాకు ముఖ్యమైన ప్రశ్న వేరు. బోర్డ్‌మన్‌కు ఆటగాళ్ళు ఎక్కడ దొరికారు? చరిత్ర విభాగాలలో కాదు, చదరంగం సంఘాలలో కాదు. ఆయన వైజ్ఞానిక కథల అభిమాని. ఆ అభిమానులు అప్పటికే ఎన్నో ఏళ్ళుగా చేతితో తిప్పే యంత్రాల మీద చిన్న పత్రికలు అచ్చువేసుకుంటూ, వాటిలో వాదులాడుకుంటూ, ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పేజీలకు పేజీలు రాసుకుంటూ ఉండేవారు. ఆయన వారిని ఆటలోకి తెచ్చాడు. వారికి ఆట కొత్త, ఉత్తరం కొత్త కాదు.

ఈ ఒక్క సంగతి నాకు ముందే తలకెక్కి ఉంటే రెండు సంవత్సరాలు కలిసివచ్చేవి. నేను మొదటిసారి ఆట పెట్టినప్పుడు చేసిన పని ఇది: చరిత్ర అంటే ఇష్టం ఉన్నవారందరూ రండి అని ఒక ప్రకటన రాసి, తెలిసిన కళాశాలలలో అంటించాను. దానికి హంపి విఠలాలయం రాతిరథం బొమ్మ కూడా వేయించాను. పదకొండు మంది పేర్లు ఇచ్చారు. వారిలో ఇద్దరు పరిశోధక విద్యార్థులు. నా సంతోషానికి మేర లేదు. మొదటి విడతకు అందరూ ఆజ్ఞాపత్రాలు పంపారు. రెండో విడతకు ఏడుగురు. మూడో విడత గడువు నాటికి మిగిలినవారు నలుగురు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని సరిపెట్టుకోబోయాను కానీ, ఉత్తరాల లెక్క చూశాక అసలు కారణం బయటపడింది. వెళ్ళిపోయినవారిలో ఒక్కరు కూడా ఆ రెండు నెలల్లో తోటి ఆటగాళ్ళకు రెండుకు మించి ఉత్తరాలు రాయలేదు. నిలిచిన నలుగురూ కనీసం పదేసి రాశారు. ఆ నలుగురిలో ఒకాయన బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. విజయనగరాన్ని ఏలిన తుళువ వంశానికి, ఆరవీడు వంశానికి తేడా ఆయనకు తెలియదు. కానీ దినపత్రికలకు ప్రతి వారం లేఖలు రాసే అలవాటు ఆయనకు ముప్ఫై ఏళ్ళుగా ఉంది.

అప్పటి నుంచి నేను చరిత్ర మీద ప్రేమ ఉందా అని అడగడం మానేశాను. చివరిసారి ఎవరికి ఉత్తరం రాశారు, ఎప్పుడు రాశారు అని అడుగుతున్నాను. చరిత్ర తెలియకపోతే మూడు పేజీల్లో చెప్పవచ్చు. ఉత్తరానికి తిరుగు టపాలో జవాబు రాసే అలవాటు లేకపోతే మూడు వందల పేజీలిచ్చినా రాదు. ఆ అలవాటు ఉన్నవారు మనం అనుకోని చోట ఉంటారు: సంపాదకుడికి లేఖలు రాసేవారు, ఊరి నుంచి దూరంగా ఉన్న పిల్లలకు ఇప్పటికీ పెద్ద పెద్ద సందేశాలు పంపే తల్లులు, పద్యాల్లో సమస్యాపూరణలు పంపుకునేవారు, చందాదారుల జాబితా చూసుకునే చిన్న పత్రికల నిర్వాహకులు.

ప్రకటన రాయడంలో కూడా ఒక మెళకువ ఉంది. బాల్టిమోరులోని ఆవలాన్ హిల్ అనే సంస్థ 1964 నుంచి తన యుద్ధక్రీడల కోసం ది జనరల్ అనే పత్రిక నడిపింది. అందులో ప్రత్యర్థులు కావలెను అనే శీర్షిక ఒకటి ఉండేది. ఆ శీర్షికలోని ప్రకటనలు రెండు మూడు పంక్తులకు మించవు. అవి ఆటను పొగడవు. నేను ఫలానా ఊరిలో ఉంటాను, ఫలానా ఆట ఆడతాను, టపాలోనైనా ఎదురుగానైనా సిద్ధం, ఎవరైనా ఉన్నారా అని అడుగుతాయి, అంతే. నా మొదటి ప్రకటన ఆటను పొగిడింది. చదివినవారు మెచ్చుకొని వెళ్ళిపోయారు. ఇప్పటి ప్రకటన ఇలా ఉంటుంది: ‘బేరారు సుల్తాను కావలెను. ఇద్దరు పొరుగువారు ఇప్పటికే కన్నేసి ఉన్నారు. మూడు వారాలకొకసారి రెండు గంటలు, నెలకు నాలుగైదు ఉత్తరాలు. రెండున్నరేళ్ళు.’ ఆ చివరి మాట చూసి పదిమందిలో తొమ్మండుగురు పేజీ తిప్పేస్తారు. తిప్పేయనివ్వండి. ఆ తొమ్మండుగురు ఆటలోకి వచ్చాక వెళ్ళిపోతే జరిగే నష్టం అంతకన్న పెద్దది.

ఆ నష్టం ఏమిటో వివరించాలి, ఎందుకంటే బయటివారికి ఇది సులభంగా అర్థం కాదు. డిప్లొమసీలో ఒక ఆటగాడు ఆజ్ఞలు పంపకపోతే ఆ రాజ్యం కల్లోలంలో పడినట్టు లెక్క. దాని దళాలు ఉన్నచోటనే కదలకుండా నిలబడతాయి. టపా ఆటల పత్రికల్లో ఆ పేరు పక్కన ఎన్.ఎం.ఆర్. అని మూడు అక్షరాలు పడేవి, అంటే ఆజ్ఞలు అందలేదని. ఇటలీ ఆటగాడు మానేశాడనుకుందాం. నష్టం ఇటలీతో ఆగదు. పక్కనున్న ఆస్ట్రియాకో ఫ్రాన్సుకో యుద్ధం చేయకుండానే మూడు కేంద్రాలు ఒళ్ళో పడతాయి. టర్కీతో ఏడాదిగా కష్టపడి సమతూకం కుదుర్చుకున్న రష్యా తన శ్రమంతా గాలికి పోయిందని గ్రహించి, తాను కూడా ఆసక్తి కోల్పోతాడు. ఇలా ఒకరి వెనుక ఒకరు. ఆట చచ్చేది ఓటమి వల్ల కాదు, ఖాళీ కుర్చీ వల్ల. అందుకే ఆ పత్రికల నిర్వాహకులు ఎప్పుడూ కొందరిని ప్రత్యామ్నాయ ఆటగాళ్ళుగా జాబితాలో ఉంచుకునేవారు. ఎవరైనా తప్పుకున్న మరుక్షణం ఆ రాజ్యాన్ని వారిలో ఒకరికి అప్పగించేవారు. నేను కూడా ఏడు గద్దెలకు తొమ్మండుగురు లేకుండా ఆట మొదలుపెట్టను.

అయితే ఆ అదనపు ఇద్దరినీ ఊరికే గుమ్మం దగ్గర కూర్చోబెడితే వారూ విసుగెత్తి పోతారు. ఇక్కడ మనకు చరిత్రే దారి చూపింది. ఆనాటి దక్కనులో రాజులు మాత్రమే కాదు, రాజుకు సేనతో సాయపడే షరతు మీద భూములు పొందిన అమరనాయకులు ఉన్నారు. గోల్కొండ కొలువులో నాయక్వారీలు అనే తెలుగు సేనానులు ఉన్నారు. వారిలో జగదేవరావు కథ చూడండి. 1550లో ఇబ్రహీం కుతుబ్‌షాను గోల్కొండ గద్దె ఎక్కించడంలో ప్రధాన పాత్ర వహించి, తరువాత అతడితోనే చెడి, బేరారు కొలువుకు, ఆపైన విజయనగరం కొలువుకు వెళ్ళినవాడు ఆయన. ఇంతకన్న మంచి పాత్ర ఏ ఆటలో దొరుకుతుంది? అందుచేత కొత్తగా వచ్చినవారిని నేను నేరుగా గద్దె ఎక్కించను. ముందు ఒక కోట, కొద్ది సేన ఇచ్చి ఏదో ఒక రాజు కింద నాయకుడిగా చేరుస్తాను. ఆ రాజు అతడికి ఉత్తరం రాయక తప్పదు, ఎందుకంటే రాయకపోతే పొరుగు రాజు రాస్తాడు. కొత్తవారు నాలుగైదు విడతలలో ఆట మర్మం గ్రహిస్తారు. గద్దె ఖాళీ అయినప్పుడు దాని మీద కూర్చునేది అపరిచితుడు కాక, అప్పటికే ఆ రాజ్యంలో ఎవరికి ఎవరి మీద కోపముందో తెలిసిన మనిషి అవుతాడు.

నాకు చరిత్ర రాదండీ అని వెనక్కి తగ్గేవారు చాలామంది. వారికి నేను చెప్పేది ఒకటే: 1543లో రామరాయలకు కూడా 1565 సంగతి తెలియదు. నిజానికి చరిత్ర బాగా తెలిసినవారితోనే మాకు ఇబ్బంది. 1565లో సుల్తానుల కూటమి చేతిలో విజయనగరం ఓడిన రాక్షస తంగడి యుద్ధం తెలియని తెలుగువాడు లేడు కనుక, విజయనగరం గద్దె ఎక్కిన ప్రతివాడూ మొదటి విడత నుంచే నలుగురు సుల్తానులకూ పండ్లు, పట్టుబట్టలు పంపడం మొదలుపెడతాడు. ఇది కొంతవరకు మంచిదే; ఆట చరిత్ర నుంచి పక్కకు జరగాలి, లేకపోతే ఆడటం ఎందుకు. కానీ అసలు జరిగినది ఏమిటో కాస్త వివరంగా చెబితే కొత్తవారి కళ్ళు మెరుస్తాయి. మొదట్లో రామరాయలు అహ్మద్‌నగర్‌తో, గోల్కొండతో కలిసి బిజాపూరు మీదికి వెళ్ళాడు. 1547లో పోర్చుగీసువారితో గుర్రాల కోసం ఒప్పందం చేసుకున్నాడు. 1558లో అదే బిజాపూరుతో, గోల్కొండతో కలిసి అహ్మద్‌నగర్ మీదికి వెళ్ళాడు. ఆ మధ్యలో రామరాయల కొడుకు చనిపోతే పరామర్శకు బిజాపూరు యువ సుల్తాను అలీ ఆదిల్‌షా స్వయంగా విజయనగరానికి వచ్చాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ఏడేళ్ళు రామరాయల నీడన తలదాచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులకు మల్కిభరాముడయ్యాడు. చివరికి ఆ సుల్తానులను కలిపింది పెళ్ళిళ్ళు: అహ్మద్‌నగర్ ఆడపడుచు చాంద్‌బీబీ షోలాపూరు కోట కట్నంగా బిజాపూరు కోడలయింది, బిజాపూరు ఆడపడుచు అహ్మద్‌నగర్ కోడలయింది. ఇంత జరిగినా బేరారు ఆ కూటమిలో చేరలేదు. ఎందుకు చేరలేదు, చేరి ఉంటే ఏమయ్యేది అన్నది మా ఆటలో ప్రతిసారీ కొత్తగా తేలుతుంది.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఆటకు వచ్చేవారిలో కొందరు చరిత్ర మీద పగ తీర్చుకోవడానికి వస్తారు. విజయనగరం తప్ప మరొకటి వద్దని, ఈసారి వదిలేది లేదని మొదటి ఉత్తరంలోనే రాస్తారు. అలాంటివారికి నేను మర్యాదగా బిజాపూరు ఇస్తాను. సగంమంది అక్కడే ఆగిపోతారు. మిగిలిన సగంమంది ఆరు నెలలు తిరిగేసరికి కృష్ణకు దక్షిణాన ఉన్న రాయచూరు కోట తనకు ఎందుకు కావాలో, రామరాయల మాట ఎందుకు నమ్మరాదో పేజీలకు పేజీలు రాస్తుంటారు. అలా వచ్చినవారిలో ఒకరు ఇప్పుడు మా ఆటలో అందరికన్న ఓర్పు గల రాయబారి.

ఎవరో చేయి ఎత్తారు. రుసుము ఎంత అని అడుగుతున్నారు. రుసుము లేదండీ. పోస్టు కార్డు అర్ధ రూపాయి, ఇన్‌లాండ్ కవరు రెండున్నర రూపాయలు. అది కూడా వద్దనుకుంటే ఈమెయిలు ఉంది. ఆజ్ఞాపత్రాలు మాత్రం ఈమెయిలులోనే రావాలని నియమం పెట్టాను, ఎందుకంటే టపా ఆలస్యమైనందుకు ఒక రాజ్యం కూలిపోవడం న్యాయం కాదు. రాజుల మధ్య ఉత్తరాలు మీ ఇష్టం. కార్డు మీద రాసిన రహస్యం రహస్యం కాదని గుర్తుంటే చాలు. మా ఆటలో ఒక దంపతులు ఉండేవారు. ఆయన అహ్మద్‌నగర్, ఆవిడ బేరారు. ఆవిడకు గోల్కొండ నుంచి ఒక కార్డు వచ్చింది, మనం అనుకున్నట్టే వర్షాకాలం తరువాత ఉత్తరాన దాడి అని. ఆయన గేటు దగ్గర కార్డు అందుకొని, చదివి, సేనలన్నీ ఆ దిక్కుకు తరలించాడు. దాడి దక్షిణాన జరిగింది. ఆ కార్డు రాయించింది ఆవిడేనని ఆయనకు తెలిసేసరికి మూడు కోటలు పోయాయి. (నవ్వులు) అమెరికా టపా ఆటల్లో కూడా ఈ విద్య ఉండేది. ఫలితాలతో పాటు ఆటగాళ్ళు తమ దేశాల పేరిట రాసిన వార్తలు, ప్రకటనలు పత్రికలో అచ్చయ్యేవి. పక్కవాడి పేరు పెట్టి రాయడానికి కూడా కొందరు నిర్వాహకులు అనుమతించేవారు. ఎత్తులు వేసే ఆట పాత్రలు ధరించే ఆటగా మారింది ఆ ప్రకటనల వల్లనే. కొత్తవారికి నేను నియమాల పుస్తకం కన్న ముందు అలాంటి పాత ఉత్తరాలు నాలుగు పంపుతాను. మొదట్లో ముప్ఫై ఎనిమిది పేజీల నియమావళి పంపేవాణ్ణి. దాన్ని పూర్తిగా చదివినవాడు ఇప్పటికీ నేనొక్కడినే.

వాట్సాప్‌లో ఒక గ్రూపు పెడితే సరిపోదా అని యువకులు అడుగుతారు. పెట్టి చూశాను. గ్రూపులో అందరూ అందరి ముందూ మాట్లాడతారు. రాయబారం అందరి ముందూ జరిగేది కాదు. విడిగా సందేశాలు పంపుకున్నా, నీలి గుర్తు పడిన అరగంటలో జవాబు రాకపోతే అనుమానం పుడుతుంది, ఆ అరగంటలో ఎవరితో మాట్లాడుతున్నాడోనని. ఉత్తరానికి జవాబు నాలుగు రోజులు ఆలస్యమైతే ఎవరూ అనుమానించరు. ఆ నాలుగు రోజుల్లోనే మనిషి ఆలోచిస్తాడు, మనసు మార్చుకుంటాడు, అబద్ధాన్ని చక్కగా చెక్కుకుంటాడు. పైగా ఇప్పుడు మా గోవా గవర్నరు న్యూజెర్సీలో ఉంటాడు. ఇక్కడ ఉదయం తొమ్మిదైతే అక్కడ అర్ధరాత్రి దగ్గరపడుతుంది. ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆటకు ఆయన ఎన్నడూ రాలేడు. ఉత్తరాల ఆటకు మాత్రం ఒక్క విడత తప్పలేదు. ఇంటికి దూరంగా ఉన్న తెలుగువారికి తెలుగులో నాలుగు పేజీలు రాయడానికి ఒక సాకు దొరకడమే చాలా ఇష్టమని ఆయనను చూశాకే గ్రహించాను. ఆయన పోర్చుగీసు గవర్నరుగా రాసే ఉత్తరాలు కూడా ‘ఉభయకుశలోపరి’ అనే మొదలవుతాయి.

ఇక ఒక పొరపాటు మిగిలింది, చెప్పక తప్పదు. ఆటగాళ్ళను ఆటగాళ్ళ చేత పిలిపించడం మంచి పద్ధతే. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, గోడ మీది ప్రకటన కన్న మనిషి అడిగితే వచ్చేవారు ఎక్కువ. ఒకసారి మా బిజాపూరు ఆటగాడు తన చిన్ననాటి మిత్రుణ్ణి పట్టుబట్టి తీసుకొచ్చాడు. వచ్చినవారికి బీదరు ఇచ్చాను. రెండు రాజ్యాలూ పక్కపక్కనే. నేను తోడుంటాను, సరిహద్దులో సేన అక్కర్లేదని బిజాపూరు రాశాడు. ఆరో విడతలో బీదరు కోట బిజాపూరు వశమైంది. ఆటలో అది న్యాయమే. ఎవరి నియమమూ తప్పలేదు. కానీ ఆ ఇద్దరూ ఏడాది పాటు మాట్లాడుకోలేదు. తప్పు వారిది కాదు, వారిని పొరుగున కూర్చోబెట్టిన నాది. ఇప్పుడు పిలిచినవారిని, వచ్చినవారిని పటంలో రెండు మూలల పెడతాను. కొత్తవారికి మొదటి ఉత్తరంలోనే స్పష్టంగా రాస్తాను: ఈ ఆటలో మీకు మాట ఇచ్చినవారు మాట తప్పుతారు, మీరూ తప్పుతారు, అది పాత్ర చేసే పని, మనిషి చేసే పని కాదు, ఈ మాట చదివి మీకు ఏ మాత్రం అసౌకర్యంగా అనిపించినా దయచేసి నాయకుడిగా మాత్రమే చేరండి, గద్దె వద్దు. అలా రాసినందువల్ల కొందరిని పోగొట్టుకున్నాను. ఎవరి స్నేహాన్నీ పోగొట్టుకోలేదు.

సమయం దాటుతోందని గ్రంథాలయాధికారి గడియారం చూపిస్తున్నారు. ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. వచ్చే నెలలో కొత్త ఆట మొదలవుతుంది. ఆరు గద్దెలు నిండాయి, బీదరు మిగిలింది. ఐదుగురు సుల్తానుల రాజ్యాలలో అదే చిన్నది. చుట్టూ బిజాపూరు, గోల్కొండ, అహ్మద్‌నగర్, బేరారు ఉన్నాయి. దానికి సముద్రం లేదు, గుర్రాలు లేవు. కానీ ఆ నలుగురిలో ఎవరు ఎవరి మీదికి వెళ్ళాలన్నా చాలాసార్లు బీదరు పక్కగానే వెళ్ళాలి, కనుక నలుగురూ బీదరుకు ఉత్తరాలు రాయక తప్పదు. గత ఆటలో చివరి వరకు నిలిచిన ముగ్గురిలో ఒకరు అలీ బరీదే.

తలుపు పక్కన బల్ల మీద కార్డుల కట్ట పెట్టాను. చిరునామా, పిన్ కోడు నేనే రాసి ఉంచాను. ఆసక్తి ఉన్నవారు ఒకటి తీసుకెళ్ళి, పది రోజుల్లో దాని మీద అలీ బరీదుగా గోల్కొండ జంషీదుకు ఒక చిన్న ఉత్తరం రాసి టపాలో వేయండి. నీ తమ్ముడు నా దగ్గరకు వచ్చి వెళ్ళాడు, ఏమంటావు అని అడగండి. ఇంకేమి రాయాలో నేను చెప్పను. కార్డులు పంపినవారందరికీ జంషీదు పేరిట నేనే జవాబు రాస్తాను. దానికి కూడా తిరిగి రాసినవారిలో ఒకరికి బీదరు, మిగిలినవారికి తలా ఒక కోట.